నేను లేపను

"చూస్తూ నిలబడ్డావేం? పేషెంటును లేపమ్మా," అన్నారు ఫిజియోథెరపీ కాలేజీ ప్రిన్సిపాల్.

ఇంటర్వ్యూ కోసం పేషెంటుగా కుర్చీలో కూర్చోబెట్టింది కాలేజీ ప్యూన్నే. ముసలాయన. మోకాళ్ల నొప్పులు మాత్రం నిజమైనవే.

సీటు కోసం వచ్చిన ఆ అమ్మాయి ఆయన పక్కకు వచ్చి చేతులు కట్టుకుంది. "తాతగారూ, కుర్చీ అంచుకు జరగండి. పాదాలు వెనక్కి లాక్కోండి. ఇప్పుడు ముందుకు వంగి లేవండి."

"పట్టుకోవా? సేవాభావం లేకుండా ఈ చదువుకెందుకొచ్చావు?"

"పడబోతే పట్టుకుంటాను సార్. పక్షవాతం వచ్చిన మా నాన్నని రెండేళ్లు ప్రేమగా మేమే లేపాం. ఆయన లేవడమే మర్చిపోయాడు. మార్కులు కోస్తే కోసుకోండి, నేను మాత్రం లేపను."

ప్రిన్సిపాల్ మొహం గంటు పెట్టుకుని కాగితం మీద సున్నా చుట్టారు.

ప్యూను ముందుకు వంగాడు. లేవబోయి మళ్లీ కుర్చీలోనే కూలబడ్డాడు. ఆమె చేతులు విప్పలేదు. రెండోసారి నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు బల్ల మీది కాగితం కనిపించింది.

"తర్వాతివాళ్లను పిలువు," అన్నారు ప్రిన్సిపాల్.

ప్యూను కదల్లేదు.

"పొద్దుట్నుంచి పదకొండు మంది చంకలు పట్టి ఎత్తారు సార్. నా అంతట నేను లేచింది ఇప్పుడే. ఆ సున్నా కొట్టెయ్యండి, పిలుస్తాను."