రాగి ఎక్కువైంది

కదిరిలో ఇప్పుడు మాట్లాడే అద్దం లేని ఇల్లు లేదు. పొద్దున్నే మొహం చూసి ఒంట్లో సంగతి చెప్పేస్తుంది. ఓబులమ్మ ఇంట్లోని అద్దం మాత్రం, ఈమధ్య తనలో తాను గొణుక్కుంటున్న ఆమె మనవరాలు శైలజకు నెలరోజులుగా ఒకే మాట చెబుతోంది: "రాగి ఎక్కువైంది. డాక్టరును కలవండి."

దీనికి డాక్టరెందుకని ఓబులమ్మ రాగి సంగటి మాన్పించింది. అయినా శైలజ గొణుగుడు ఆగలేదు. "అవ్వ నాకు మందు పెడుతోంది" అని కంచం విసిరికొట్టేది.

తన మాట ఎవరూ పట్టించుకోలేదని అద్దమే ఆసుపత్రికి కబురు పెడితే, నర్సు మస్తానమ్మ వచ్చింది. శైలజ కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయాన్ని చూసింది.

"రాగులు కాదవ్వా, చెంబులు చేసే రాగి. పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రాగి బయటికి పోకుండా మెదడులో చేరితే మనిషి ఇట్ల అయితాది. బిళ్లలు జీవితాంతం మింగాల. బాగవుతాది."

ఓబులమ్మ గూట్లోని చెంబు వైపు చూసింది. "చలవని రోజూ రాగిచెంబు నీళ్లే తాపిస్తి."

"చెంబు వల్ల రాలేదులే. కానీ దాన్ని పక్కన పెట్టు."

ఎనిమిది నెలలు గడిచాయి. ఓబులమ్మ స్టీలు గ్లాసులో నీళ్లు, అరచేతిలో బిళ్ల పట్టుకుని వచ్చింది. శైలజ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏమవ్వా, మందు పెడతాండావా?"

ఓబులమ్మ చెయ్యి ఒక్కక్షణం ఆగింది. శైలజ పెదవుల మీద నవ్వు కనబడింది.

"పెడతాండా," అంది ఓబులమ్మ. "మింగు."