తుపాకులు తిరిగిచ్చిన రోజు

"ఎన్నికలైపాయె. మీ తుపాకులు తీసుకపోండప్పా," అన్నాడు ఆళ్లగడ్డ ఎస్సై.

పాత పగవాళ్లు ఓబులయ్య, సుంకన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించిన ఈ రెండు నెలలూ ఇద్దరూ ఒకే బెంచీ మీద టీ తాగారు.

"నాది ఈడనే ఉండనీ సార్," గొణిగాడు ఓబులయ్య.

"ఏందీ? అమెరికాలో మా బావ తుపాకీ పక్కన లేందే పండుకోడంట!" అన్నాడు ఎస్సై.

"నాకు అది లేకుంటేనే నిద్ర పడతాండాది సార్."

"రూలు ఒప్పుకోదు. సంతకం పెట్టు."

ఇద్దరూ సంతకాలు పెట్టి, తుపాకులు భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి ఆగారు.

"నువ్వు ముందు నడువన్నా," అన్నాడు సుంకన్న.

ఓబులయ్య వీపును గోడకు ఆనించాడు. "లేదప్పా, నువ్వే నడువు."

ఎవరూ కదల్లేదు.

"ఏం మర్యాదలప్పా మీవి!" మురిసిపోయాడు ఎస్సై.