తెనాలిలో మారాల్సిన బండి

రేపల్లె నుంచి ఆ బండి నడిచిన తీరుకు, పక్కన దూడ మేసుకుంటూ బయల్దేరినా ముందే తెనాలి చేరి, ప్లాట్‌ఫారం మీద నెమరేసుకుంటూ ఉండేది.

జగన్నాథరావు పళ్ళు నూరుకుంటూ దిగాడు. వెనకే భార్య కుసుమకుమారి. ఆమె చేతుల్లో నెల దాటిన పసిగుడ్డు. కళ్ళూ గోళ్ళూ పచ్చగా పసుపు ముద్దే.

బాపట్లలో వెంకట్రామయ్య పోసే పసరు వాసనకే కామెర్లు కర్లపాలెం దాటి పారిపోయి సముద్రంలో దూకుతాయట. కాకపోతే ఎండ నడినెత్తికి రాకముందే పోయాలట.

ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్న ఓ ముసలాయన లేచి అడ్డమొచ్చాడు.

"ఏదీ, బిడ్డను చూడనీ తల్లీ. దొడ్డికి సున్నంలా తెల్లగా పోతోందా?"

కుసుమ బెదిరిపోయింది. "అవునండి."

"కడుపుతో ఉన్నప్పుడు జ్వరమొచ్చి ఒళ్ళంతా ఎర్రగా పేలిందా?"

"మూడో నెల్లోనండి."

"ఆ జ్వరం తాలూకు క్రిమే బిడ్డ లివరును పట్టుంటుంది. పసరు దీనికి పనికిరాదు, పైగా చెరుపు. అదిగో గుంటూరు బండి, ఎక్కండి. పెద్దాసుపత్రిలో చూపించండి."

జగన్నాథరావుకు ఒళ్ళు మండింది. "మేం బాపట్ల పోవాలి. తప్పుకో పెద్దాయనా."

"నా మాట విను నాయనా. ఆ వెంకట్రామయ్యకు పసిబిడ్డల జబ్బు తెలీదు."

"ఆయన చేతిమీద వెయ్యిమంది బతికారు! చెప్పటానికి నువ్వెవరయ్యా? మనిషికింతని గుంటూరు డాక్టర్లు ముట్టచెబుతున్నారా ఏంటి?"

ముసలాయన బిడ్డ పాదం పట్టుకున్నాడు. పట్టిన పట్టు వదల్లేదు.

జగన్నాథరావు ఆ చెయ్యి విదిలించి కొట్టాడు.

గుంటూరు బండి కూతేసి వెళ్ళిపోయింది. బాపట్ల బండి మాత్రం ఎక్కడో శకునం చూసుకుంటున్నట్టు ఎంతకీ రాదు.

"ఏమండీ, ఆయన చెప్పింది..."

"నువ్వూ మొదలెట్టకు!"

బాపట్లలో దిగి, ఎండను తిట్టి, రిక్షావాణ్ణి తిట్టి, వెంకట్రామయ్య ఇల్లు చేరేసరికి బిడ్డ ఏడవటం కూడా మానేసింది.

ఆయన భార్య తలుపు తీసింది.

"పసరు పోయటం మానేశారు బాబూ."

"ఎంత దూరం నుంచొచ్చామో తెలుసా అమ్మా! ఒక్కసారి పిలవండి, కాళ్ళు పట్టుకుంటా!"

ఆవిడ బిడ్డ కళ్ళు చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మా మనవడికీ ఇదే జబ్బు. పసరు పోస్తూ కూర్చున్నారు. గుంటూరు తీసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. అప్పట్నుంచీ రోజూ తెల్లారగానే పోయి తెనాలి స్టేషన్లో కూర్చుంటారు, ఇట్టాంటి బిడ్డల్ని గుంటూరు బండెక్కించటానికి... మీకు కనబడలా?"