తెల్లగీత

రోడ్డు మధ్య తెల్లగీత వంకరపోయిందని బస్సు డ్రైవరు అంటే కండక్టరు నవ్వాడు.

గీత తిన్నగానే ఉంది. వంకర డ్రైవరు కుడికంట్లో ఉంది.

కంటి లోపల వాపు అన్నారు ఆసుపత్రిలో. ఆ వాపు చాటున పిచ్చి రక్తనాళాలు మొలిచాయేమో చూడాలట. చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి, కంటి వెనక పొరను ఫొటోలు తీయాలట. ఆ కన్ను పోతే స్టీరింగు పోయినట్టే. భయపడి ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. ఫొటోల గది తలుపు ఎంతకీ తెరుచుకోదు. హారన్ కొట్టడం అలవాటైన ప్రాణం, ఊరుకోలేక వెళ్ళి తలుపు తోశాడు.

లోపల కెమెరా ముందు ఒక ముసలాయన. పక్కన గోడకు ఆనించి చేతికర్ర. ఎదుటి దీపాన్ని చూడమంటే, అది ఎక్కడుందో ఆయనకు తెలియడం లేదు. నర్సు ఆయన తల పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పుతోంది.

డ్రైవరుకు ఒళ్ళు మండింది.

"చూపే లేని కంటికి ఫొటోలెందుకు పెద్దాయనా? చూపున్నవాళ్ళకి దారివ్వండి."

నర్సు ఏదో అనబోతే ముసలాయన వారించాడు.

"నీకేమవుతోంది బాబూ?"

"తిన్నటి గీత వంకరగా కనిపిస్తోంది."

ముసలాయన వెంటనే లేచి నిలబడ్డాడు.

"అయితే ముందు నువ్వు కూర్చో. నేను వచ్చేవారం వస్తాలే."

కర్ర తడుముకుంటూ వెళ్ళిపోయాడు. డ్రైవరు దర్జాగా ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఫొటోల్లో ఆ నాళాల జాడ దొరికింది. చూపుకు నడిమధ్య ఆవగింజంత చోట రంగు కారుతోంది. డాక్టరమ్మ ఆలస్యం చేయలేదు. వాపుకు మాత్రలు, ఆ నాళాలు ముడుచుకోవడానికి కంట్లోకి సూదిమందు. కంట్లో సూదిని పళ్ళబిగువున ఓర్చుకున్నాడు.

నెలలు గడిచాక గీత తిన్నబడింది. మళ్ళీ బస్సెక్కాడు.

ఒకరోజు పళ్ళ సంచితో వెళ్ళి, అంతా మీ చలవే అన్నాడు డాక్టరమ్మతో.

ఆమె సంచి అందుకోలేదు. తెరమీద వేరొకరి కంటి ఫొటోలు పెట్టింది. మొదటిదాంట్లో అదే ఆవగింజ. తర్వాతి వాటిల్లో అది పాకిపాకి, చివరికి అంతా మచ్చ.

"ఈ మొదటి ఫొటో చూసి వట్టి వాపేననుకున్నాను. ఆ కన్ను పోయింది. ఈ తర్వాతి ఫొటోల్లో ఆ తప్పు తెలిసింది కాబట్టే మీ కంట్లో దాన్ని పోల్చుకున్నాను. ఇక రానక్కర్లేదన్నా ఈ కంటి పెద్దమనిషి రావడం మానలేదు. నాకు కాకపోతే నా వెనకవాడికి పనికొస్తాయి, తియ్యమ్మా అనేవారు."

ఆయనెవరో చెబితే ఈ సంచి ఆయనకే ఇచ్చి వస్తానన్నాడు డ్రైవరు.

పోయిన నెల కాలం చేశారంది ఆమె.

పక్కనే ఉన్న ఫొటోల గది నర్సు చెప్పింది.

"ఆ రోజు మీరు కుర్చీలోంచి లేపి పంపిన పెద్దాయనేనండీ. మరుసటి వారం వస్తూనే అడిగారు, ఆ అబ్బాయి గీత తిన్నబడిందా అని."