ట్రక్కు చెప్పే కబుర్లు

దామోదర్ షెడ్డుకు వెళ్లాడంటే శశికళ ఫోన్ ముందేసుకుని కూర్చుంటుంది. మాట్లాడటానికి కాదు, చూడటానికి.

కమ్మింగ్ ఊరు దాటి నలభై నిమిషాలు వెళితే వాళ్లు కొన్న మూడెకరాల స్థలం, అందులో ఆ షెడ్డు. ఆ చుట్టుపక్కల కరెంటు స్తంభమన్నదే లేదు. దామోదర్ తన ఎలక్ట్రిక్ ట్రక్కును షెడ్డు గుమ్మంలో ఆపి, దాని వెనకున్న ప్లగ్గులోంచి వైరు లాగి, బల్లకు బిగించిన, చెక్క కోసే రంపం ఆడిస్తాడు. ట్రక్కు ఎంత కరెంటు ఇస్తోందో శశికళ ఫోన్‌లోని యాప్ చెబుతుంది. అంకె ఉంటే రంపం ఆడుతున్నట్టు. సున్నా అయితే ఆగినట్టు.

పదిహేడేళ్లు చేసిన ఉద్యోగం మార్చిలో ఒక్క ఈమెయిల్‌తో పోయింది. అప్పటి నుంచి దామోదర్‌కు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. షెడ్డుకు వెళ్లమని పోరు పెట్టింది శశికళే. వెళ్లేవాడు గానీ, అంకె ఐదు నిమిషాలు కనిపించి గంటసేపు సున్నా దగ్గర ఉండిపోయేది. ఆ గంటా అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడని ఆమెకు తెలుసు. అప్పుడే ఫోన్ చేసి ఏదో ఒకటి మాట్లాడేది. రంపం ఆడుతున్నప్పుడు మాత్రం చచ్చినా చేసేది కాదు. ధ్యాస మళ్లితే వేళ్లు తెగుతాయి మరి.

ఈ శనివారం బయల్దేరే ముందు అతను తనంతట తానే నోరు విప్పాడు.

"నీ ఉయ్యాల బల్ల ఇవాళ కంప్లీట్ చేసేస్తా, శశీ."

పెళ్లైన కొత్తలో ఆమె అడిగిన బల్ల అది. ఇన్నాళ్లకు గుర్తొచ్చింది మహానుభావుడికి.

పదకొండింటికి అంకె వచ్చింది. మొదట పైకీ కిందికీ గెంతింది. తర్వాత ఒక్కచోట నిలబడింది. పన్నెండైంది, ఒంటిగంటైంది, సున్నా మాత్రం కాలేదు. శశికళకు సంతోషంతో ఏడుపొచ్చింది. గుత్తివంకాయ కూర వండి, పక్కింటి గీతాంజలికి ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య రెండు గంటల నుంచి మెషిన్ ఆపలేదు గీతా. నా మనిషి నాకు తిరిగొచ్చాడు."

భోజనం చేశాడో లేదో ఒకసారి కాల్ చేసి కనుక్కోమంది గీతాంజలి. పనిలో పడ్డ మనిషిని ఇప్పుడు కదపనంది శశికళ. అసలే దిష్టి తగులుతుందని భయం, ఆ మాట అక్కడితో ఆపేసింది.

మూడింటికి కూర చల్లారిపోయింది. ఇక మనసాగక, షెడ్డు పక్క స్థలంలో ఉండే వాల్టర్‌కు ఫోన్ చేసింది. మా ఆయనకు పనిలో పడితే ఆకలి తెలియదు, కాస్త ఇంటికెళ్లి తినమని చెప్పండని నవ్వుతూ బతిమాలింది.

వాల్టర్ షెడ్డులోకి వెళ్లి, గంటల తరబడి ముందు చెక్క లేకుండా ఉత్తినే తిరుగుతున్న రంపాన్ని ఆపి, దాని కింద ఎప్పుడో చల్లబడిపోయిన దామోదర్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.