ఫింటన్ గారి సన్మానం

“అంకుల్, మైకు ఆయనకివ్వండి, ప్లీజ్. అయిదున్నరైంది.”

“ఇస్తానమ్మా అపర్ణా. ముందు ఆయనెవరో సభకి చెప్పాలి కదా!” అన్నారు గోపాలరావు గారు.

“మూడుసార్లు చెప్పారండీ.”

“అవి క్లుప్తంగా చెప్పినవి. ఇప్పుడు వివరంగా.”

ఐర్లండులోని డండాక్ తెలుగు సంఘం అధ్యక్షుల వారు మైకును మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.

వేదిక మధ్యలో తొంభై ఆరేళ్ల ఫింటన్ కీరీ నాలుగు శాలువాల కింద కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు రేడియోలో ఆయన పాట మొదలైతే ఊళ్లో సైకిళ్లు ఆగిపోయేవట. పన్నెండు మంది వాద్యగాళ్లను వెంటేసుకుని ఐర్లండంతా తిరిగారట. విన్నవాళ్లు చెప్పుకోవడమే తప్ప రికార్డు ఒక్కటీ మిగల్లేదు. పక్కింటి అపర్ణ మూడు నెలలు బతిమాలితే ఈ సభకు ఒప్పుకున్నారు. ఇవాళ ఒక్క పాట పాడితే చాలు, ఆ గొంతు లోకంలో మిగులుతుంది. హాలేమో ఆరింటికల్లా ఖాళీ చెయ్యాలి.

ముందు వరసలో అపర్ణ కూతురు తన్వి ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. “మామ్, ఈజ్ హీ గోయింగ్ టు సింగ్ ఆర్ నాట్?”

“పాడతారు. నువ్వు చెయ్యి దించకు.”

సన్మానపత్రం చదివారు. మొదటి పేజీలో ఆయన కోకిల, రెండో పేజీలో గంధర్వుడు, మూడో పేజీకి వచ్చేసరికి ఎందుకో కల్పవృక్షం. అయిదో శాలువా ఫొటోలో సరిగా పడలేదని విప్పి మళ్లీ కప్పారు. ఫింటన్ దగ్గారు. పాటకు గొంతు సవరించుకుంటున్నారనుకుని సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు గోపాలరావు గారు లేచి నమస్కారం పెట్టారు.

“అంకుల్, ఇప్పుడైనా...”

“ఆగమ్మా. గాయకుణ్ణి ఉత్త మాటలతో సత్కరిస్తే ఏం బావుంటుంది? పాటతో సత్కరించాలి.”

“నేనూ అదేనండీ మొత్తుకునేది!”

“అందుకే నేనొక పద్యం అందుకుంటున్నా.”

అందుకున్నారు. కళ్లు మూసుకుని రాగం తీశారు. హాలు చూసుకునే ఆవిడ తలుపు దగ్గర నిలబడి తాళంచెవుల గుత్తి ఆడించింది. ఆ చప్పుడుకు తలూపుతూ ఆయన రాగాన్ని ఇంకాస్త సాగదీశారు.

ఆరుకు రెండు నిమిషాలు. ఇక లాభం లేదని అపర్ణ వేదిక ఎక్కి మైకు లాక్కుంది. గోపాలరావు గారు వదల్లేదు. ఆమె గుంజింది, ఆయన గుంజారు. ఎలాగైతేనేం మైకు ఆమె చేతికి చిక్కి, ఫింటన్ నోటి దాకా వెళ్లి, అక్కడ మూగబోయింది. హాలావిడ మెయిన్ స్విచ్ కట్టేసి, “ఇక దయచేయండి” అన్నట్టు తలుపు బార్లా తెరిచింది.

“వందన సమర్పణ ఇంకా ఉందండీ!” అని వెనక నుంచి గోపాలరావు గారి కేక.

కార్లో కూర్చోబెట్టేటప్పటికి అపర్ణకు కళ్లనీళ్లు ఆగలేదు. “నన్ను క్షమించండి ఫింటన్ గారూ. మీ గొంతును దాచుకుందామనుకున్నాను. చేజేతులా పోగొట్టాను.”

“నువ్వు పోగొట్టడమేంటి? అది పోయి ముప్పై ఏళ్లయింది,” అన్నారాయన శాలువాలు ఒళ్లో సర్దుకుంటూ. “ఇప్పుడు నోరు తెరిస్తే మీ వీధిలో కుక్కలు కూడా ఇల్లు మారతాయి.”

అపర్ణ నోరు తెరిచింది. “మరి వస్తానని ఎందుకన్నారు?”

“పోయినేడు మీ సభకొచ్చి వెనక వరసలో కూర్చున్నాను. అప్పుడు మీరు సన్మానం చేసిన వయొలిన్ ఆయన పెట్టె మూతైనా తీయకుండా దర్జాగా ఇంటికెళ్లాడు. అప్పుడే ఖాయం చేసుకున్నాను, వెళ్తే మీ సభకే వెళ్లాలని.” సీటుబెల్టు పెట్టుకుని ఆయన హాయిగా వెనక్కి వాలారు. “మా ఐరిష్ వాళ్లు పిలిస్తే మాత్రం చచ్చినా వెళ్లను, తల్లీ. వాళ్లు నిజంగానే పాడిస్తారు.”