అవునత్తయ్యా

నా చంటివాడు మా అత్తయ్య చేతుల్లో ఉండగా తలుపు మూసుకుపోతుందేమోనన్నదే నా భయమంతా.

అత్తయ్యకు మతిమరుపు జబ్బు. ఏమన్నా కాదనొద్దు, ఔనంటూ ఉంటే శాంతంగా ఉంటారని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. అందుకే నా కొడుకును చూసి "నా బిడ్డ" అన్నప్పుడల్లా "అవునత్తయ్యా, మీ బిడ్డే" అంటూ వచ్చాను.

ఆ రోజు చీకటిపడ్డాక, వాడు నిద్రపోతున్నాడు కదా అని, ఆరేసిన బట్టలు తెద్దామని మేడ మీదికి వెళ్ళాను. దిగి వచ్చేసరికి లోపల గడియ పడి ఉంది.

"అత్తయ్యా, తీయండి. మీ కోడలిని."

"కోడలేంటే? నా బిడ్డకింకా పళ్ళే రాలేదు, పెళ్ళెప్పుడు చేశాను? వాణ్ణి ఎత్తుకుపోదామని వచ్చావా, దొంగమొహమా!"

వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఊరుకో నాన్నా, నీళ్ళు పోస్తా. అదే పోతుందిలే."

స్నానాలగదిలో పంపు తిప్పిన చప్పుడైంది. కాసేపటికి ఏడుపు ఆగింది. నీళ్ళు మాత్రం బకెట్లో పడుతూనే ఉన్నాయి.

"అత్తయ్యా, వాడు నా బిడ్డ!" అని అరిచాను.

"పొద్దున నా బిడ్డేనన్నావుగా?"

ఆ మాట స్నానాలగదిలోంచి రాలేదు. తలుపుకు అవతలే, నా చెవి పక్కనే వినిపించింది.

మీ ఇంట్లోనూ ఇలాగే ఔనంటూ వస్తున్నారా? అయితే ఇది పక్కన పెట్టి, చంటిబిడ్డ ఎక్కడుందో ఒక్కసారి లేచి చూసి రండి.